పగ్గం మేస్త్రికి మత్తు పరీక్ష

ఏనుగు గంభీరయ్య దొరది వెదురు వ్యాపారం. కొండ మీద వెదురు కొట్టిస్తాడు, కొండ కింద వాగులో వేసి పంపిస్తాడు. నడుమన ఉన్నదే నిట్టనిలువు దారి. ఆ దారిలో బండి దించే పని ఎద్దు కర్రెన్నది. దిగుడులో బండి లాగడమేమిటి నా తలకాయ! బరువంతా వెనకనుంచి తోసుకొస్తుంటే మెడతో, వీపుతో ఆపుకుంటూ దిగడమే. అందుకని బండి వెనక లావుపాటి పగ్గం ఒకటి కట్టి, కొండ మీది మద్దిమొద్దుకి చుట్టి, జానెడు జానెడుగా వదులుతుంటాడు పగ్గం మేస్త్రి. ఆ మేస్త్రి ఎలుగుబంటి జడలయ్య. కర్రెన్న ప్రాణం రోజూ ఆయనగారి పిడికిట్లో ఉంటుందన్నమాట.

జడలయ్య మంచివాడే. ఇప్పపూలు రాలనంతవరకే. ఆ పూలు రాలి, ఒక జల్లు పడి, బండగుంటల్లో పులిశాయా, ఇక మేస్త్రిగారు తెల్లారగానే పనికంటే ముందు గుంట దగ్గర హాజరు. పోయిన వారం అలాగే నిండా తాగొచ్చి పగ్గం పట్టాడు. ఆ పూట కాడి కింద ఉన్నది కర్రెన్న తమ్ముడు పుల్లన్న. సగం దారిలో పగ్గం సర్రున జారింది. బండి బోర్లా పడింది, పుల్లన్న ముందుకాలు విరిగింది. మేస్త్రిగారు మాత్రం మొద్దు మీద తల పెట్టి గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.

కర్రెన్నకి కడుపు మండింది. భయం కూడా వేసింది, దాచుకోవడమెందుకు! ఇకనుంచి రెండు పూటలా ఆ పగ్గం కింద నడవాల్సింది తనేగా. తిన్నగా దొర దగ్గరికి పోయాడు.

"దొరా, మేస్త్రి తాగొస్తున్నాడు. ఏదో ఒక పరీక్ష పెట్టండి."

"పెడతాను పెడతాను. నేనూ అదే ఆలోచిస్తున్నా. మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుందా అని."

"ఎక్కడికో ఎందుకు దొరా? పొద్దున్నే పగ్గం ముట్టుకోకముందు ఆ మద్దిమొద్దు చుట్టూ మూడుసార్లు తిరగమనండి. తూలకుండా తిరిగితే పనిలోకి, తూలితే ఇంటికి."

గంభీరయ్య చెవులు విసిరి నవ్వాడు. "ఓరి నీ అమాయకత్వం పాడుగాను! నా అంతటివాడు పెట్టే పరీక్ష మొద్దు చుట్టూ తిరగడమా? నలుగురూ వింటే నవ్విపోరూ! నువ్వు పోయి కుడితి తాగు."

ఎద్దు పుండు కాకికి నొప్పా? కర్రెన్న తల దించుకుని తొట్టి దగ్గరికి పోయాడు.

దొరకి పరీక్ష కావాలన్న కబురు అడవంతా పాకింది. మర్నాటికి నక్క దిగింది. పేరు కంఠీరవం. ఆ పేరు ఎవరు పెట్టారని అడగొద్దు, తనే పెట్టుకున్నాడు. చెవిలో నెమలీక, చంకలో మూత బిగించిన సొరకాయ బుర్ర.

"దొరవారికి దండాలు! మన దగ్గర మూడు పథకాలున్నాయండీ. మట్టి పథకం, కంచు పథకం, బంగారు పథకం."

"ఏమిటయ్యా తేడా?"

"మట్టి పథకంలో నేనొచ్చి మీ పనివాళ్లని ఒక చూపు చూసి పోతాను. కంచులో రెండు చూపులు."

"మరి బంగారంలో?"

నక్క గొంతు తగ్గించాడు. "బంగారంలో నేను చూడనే చూడనండి. ఇవి చూస్తాయి." అని బుర్ర చెవి దగ్గర పెట్టాడు. లోపల జుమ్మని రొద. "చదువుకున్న తేనెటీగలండీ! ఇప్పపూల వాసన ఏ మూతి మీద ఉంటే ఆ మూతి మీద వాలతాయి. వాలితే తాగుబోతు. వాలకపోతే శుద్ధుడు. అబద్ధమాడవు, లంచం పట్టవు, సెలవడగవు."

గంభీరయ్యకి తేనెటీగలంటే చచ్చేంత భయం. పది అడుగులు వెనక్కి వేసి, అది భయం కాదన్నట్టు తొండంతో వీపు గోక్కున్నాడు. "బాగుంది. మా హోదాకి బంగారమే తగును. అన్నట్టు యజమానికి పరీక్ష ఉండదుగా?"

"రామరామ! యజమానికి పరీక్షేమిటండీ! నెలకి రెండు బుట్టల పీతలు పంపిస్తే చాలు. ఈ పరీక్ష గెలిచినవాడికి నాదే పూచీ. నా తల తాకట్టు!"

కుడితి తాగుతూ కర్రెన్న ఈ మాట విన్నాడు. విని, మనసులో దాచుకున్నాడు.

మర్నాడు పొద్దున పరీక్ష. అందరినీ మద్దిమొద్దు దగ్గర వరసగా నిలబెట్టారు. ముందు జడలయ్య. వచ్చాడనడం కంటే దొర్లాడనడం న్యాయం. అడుగు ఇటు వేస్తే ఒళ్లు అటు పోతోంది. దారిలో ఒక రాయికి "నమస్కారం బావగారూ" అని పలకరించి మరీ వచ్చి నిలబడ్డాడు.

నక్క మూత తీశాడు. తేనెటీగలు జుమ్మని లేచాయి, జడలయ్యని చూశాయి. అంతే, తిరిగి బుర్రలోకి దూరిపోయాయి. దూరవూ మరి? పట్టుల్ని పిండుకుని మింగే ఎలుగుబంటి మూతి మీద ఏ తేనెటీగ వాలుతుందండీ!

"శుద్ధుడు!" అని అరిచాడు నక్క.

"భేష్!" అన్నాడు దొర, దూరంగా చెట్టు చాటునుంచి.

"ఎవడ్రా శుద్ధుడు?" అన్నాడు జడలయ్య, చుట్టూ చూస్తూ.

తర్వాత కర్రెన్న. ఇలా నిలబడ్డాడో లేదో, ఈగలన్నీ గుంపుగా వచ్చి మూతి మీద వాలాయి. ముక్కు కనపడలేదు పాపం.

"దొంగ దొరికాడు! తాగుబోతు!"

"నేనా? నా పుట్టుకలో చుక్క ముట్టలేదు!"

"మరి ఆ వాసన ఎక్కడిదిరా?" అన్నాడు దొర.

"మీ తొట్టిదే దొరా! మీరే కదా కుడితిలో ఎండు ఇప్పపూలు కలిపిస్తారు, ఒంటికి బలమని! తింటే బలమే గాని మత్తెక్కడిది? పులిస్తేనే కదా మత్తు! రాత్రి మీరూ అవే తిన్నారుగా!"

దొర తొండం గబుక్కున నోట్లో దాచుకున్నాడు. "అ... అదంతా నాకు తెలియదు. పరీక్ష అంటే పరీక్షే. బంగారు పథకం అబద్ధమాడుతుందా? ఇవ్వాళ్టినుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు. పాకలో మీ అన్నదమ్ములకి చోటు కూడా లేదు, సాయంత్రానికి ఖాళీ చెయ్యి."

కర్రెన్న పాక వైపు చూశాడు. కాలు విరిగిన తమ్ముణ్ణి తీసుకుని ఎక్కడికి పోతాడు? ఆ కాలితో వాడు వాగు దాకా కూడా నడవలేడు. ఒక్క క్షణం ఏడుపొచ్చింది, దాని వెనకే నక్క అన్న మాట గుర్తొచ్చింది.

"చిత్తం దొరా. పోతాను. కాని ఇవ్వాళ్టి బండి సంగతి? వెదురు ఎక్కించి ఉంది. మధ్యాహ్నానికి వాగు దగ్గరికి చేరకపోతే మీ మాట పోతుంది."

"అవునే! బండి ఎవరు దించుతారు?"

"కంఠీరవంగారు దించుతారు."

నక్క చెవిలో నెమలీక జారి కింద పడింది. "నేనా? నేనెందుకు?"

"బరువు మీరు మొయ్యక్కర్లేదండీ, కాడి కింద నా ముసలి గాడిద మామ ఉంటాడు. మీరు బండికి ముందు నాలుగడుగుల దూరంలో ఊరికే నడవండి చాలు. పైన పగ్గం పట్టేది మీరు శుద్ధుడని పూచీ ఇచ్చిన మేస్త్రే కదా. తల తాకట్టు అన్నారు కూడాను."

"అన్నాడు, అన్నాడు, నేను విన్నాను!" అని వరసలోంచి గాడిద మామ అందుకున్నాడు. ఆయనకీ ప్రాణం తీపే మరి.

దొరకి ఈ ఏర్పాటు భలే నచ్చింది. "బాగా చెప్పావురా! పదవయ్యా కంఠీరవం. బంగారు పథకం పరువు నిలబెట్టు."

"నాకు... నాకు ఎడమకాలు నొప్పండి."

"కుడికాలుతో నడువు."

"ఇవ్వాళ దిక్కు మంచిది కాదండి."

"ఆ దారికి ఒకటే దిక్కు, కిందికి."

అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు నక్క. బండి ముందు నిలబెట్టారు.  వెనక్కి తిరిగి పైకి చూశాడు. జడలయ్య పగ్గం చేతికి తీసుకోబోయి, పక్కనే వేలాడుతున్న మర్రి ఊడని పట్టుకుని, దాన్ని మొద్దుకి భక్తిగా చుడుతున్నాడు. అసలు పగ్గం ఆయన కాళ్ల దగ్గర పాములా పడి ఉంది.

"ఆపండి! ఆపండి!" నక్క గావుకేక పెట్టాడు. "దొరా, మీకు కళ్లు లేవా? వాడు పీకల దాకా తాగున్నాడు! నిలబడలేకపోతున్నాడు! కొండ కింద ఉన్న కప్పక్కూడా తెలుస్తోంది!"

 గంభీరయ్య చెట్టు చాటునుంచి నెమ్మదిగా బయటికొచ్చాడు.

"అది కనిపెట్టడానికేగా నిన్ను పెట్టుకున్నది?"

నక్క గిరుక్కున వెనక్కి తిరిగాడు. సొరకాయ బుర్ర అక్కడే పారేసి, నొప్పెట్టిన ఎడమకాలు అందరికంటే ముందు వేసి, పొదల్లో పడి పరుగో పరుగు. బుర్ర పగిలింది. ఈగలు లేచి, ఇప్పపూల వాసన వెతుక్కుంటూ తిన్నగా దొర తొండం మీదికి వెళ్లాయి. ఆ పూట కొండ దిగిన వేగంలో గంభీరయ్య దొరని మించినవాళ్లు ఇప్పటికీ లేరు. పగ్గం కూడా అవసరం లేకపోయింది.

సాయంత్రం ముక్కు వాచిన దొర పాక దగ్గరికొచ్చాడు. పుల్లన్న విరిగిన కాలు వంగి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "కాలు అతుక్కునేదాకా మేత నాది. పాక మీదే. ఏరా కర్రెన్నా, ఆ మొద్దు చుట్టూ ఎన్నిసార్లన్నావు?"

"మూడు దొరా."

"పరీక్ష ఎవరు చెయ్యాలి?"

"పగ్గం కింద నడిచేవాడు."

అప్పట్నించీ అక్కడ అదే పద్ధతి. జడలయ్యని ఇప్పపూల కాలమంతా వెదురు లెక్కపెట్టే పనిలో వేశారు. ఒక్కోటి రెండుగా కనిపిస్తోందని ఆయన మహా సంతోషంగా ఉన్నాడట.

అందుకే అంటారు: పూచీ ఇచ్చేవాణ్ణి ముందు పగ్గం కింద నిలబెట్టి, ఆ తర్వాత మాట నమ్ము.