బొటనవేలంత బరువు

హుస్సేనప్పకు మూడు వారాలుగా అన్నం సహించడం లేదు. అడిగినవాళ్ళకు ఎండలని చెబుతున్నాడు. ఆ కొండ మీద మే నెలలో కూడా గాలి చల్లగానే ఉంటుంది కాబట్టి ఆ మాట ఎవరూ నమ్మలేదు.

నల్లమల అంచున ఉన్న ఆ ఫకీర్ల ఆశ్రమాన్ని ఖాదర్ షా తాత తకియా అంటారు. తాత ఇప్పుడు ఫకీరు. అంతకుముందు ఇరవై ఏళ్ళు మిలిటరీలో డ్రైవరు. అందుకేనేమో, శిష్యులతో పాటు ఒక పాత మిలిటరీ లారీని కూడా చేరదీశాడు. వేలంలో తెచ్చాక దానికి బూడిద రంగు వేయించారు గాని, కొమ్మ గీసుకున్న చోటల్లా పాత పచ్చరంగు బయటపడుతూనే ఉంటుంది. వాగులో రాళ్ళ మీదుగా కొండెక్కగలిగే బండి ఆ చుట్టుపక్కల అదొక్కటే. పైకి బియ్యం మూటలు తెస్తుంది, కిందికి రోగులను తీసుకుపోతుంది.

పదకొండేళ్ళుగా ఆ బండి హుస్సేనప్ప చేతిలో ఉంది. గురువు అతనికి అప్పగించిన సాధన అదే. పొద్దున నమాజు కాగానే వెళ్ళి ఇంజన్లో నూనె చూసేవాడు. ఏ ముక్క అరిగినా పాత సామాన్ల అంగళ్ళన్నీ గాలించి తెచ్చేవాడు. బండికి జలుబు చేసిందనేవాడు, బండి అలిగిందనేవాడు. ఇంకెవరైనా బానెట్ మీద చెయ్యి వేస్తే మాత్రం అలిగేది అతనే.

ఆ ప్రేమలోనే ఒక అలవాటు పుట్టింది. ఇంజను పక్కన నల్లటి మూత ఒకటి ఉంటుంది. దాని కింద బొటనవేలంత ముక్క, రోటర్ అంటారు. అది లేకపోతే ఎంత తిప్పినా ఇంజను అంటుకోదు. మిలిటరీలో బండి దిగి వెళ్ళేటప్పుడు, శత్రువుకు చిక్కకుండా దాన్ని తీసి జేబులో వేసుకునేవాళ్ళమని తాత ఎప్పుడో ఒకసారి చెప్పాడు. హుస్సేనప్ప ఆ మాట పట్టుకున్నాడు. కొండ మీద శత్రువులెవరూ లేరు. అయినా తను బండి లేకుండా కిందికి దిగిన ప్రతిసారీ రోటర్ అతని జేబులోనే వెళ్ళేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాల కింద అతను టైరు కోసం నంద్యాల వెళ్ళాడు. అదే రోజు మధ్యాహ్నం తకియా పక్క గూడెంలో ఉండే ఓబులమ్మ కోడలికి నొప్పులొచ్చాయి. శిష్యుల్లో ట్రాక్టరు నడపడం వచ్చిన రమీజా అరగంట సేపు బండితో కుస్తీ పట్టింది. అంటుకోలేదు. తాత వచ్చి బానెట్ ఎత్తి, లోపల ఏదో తడిమి చూసి, మూసి, డోలీ కట్టమన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, బొంగుకు ముందువైపు తనే భుజం పెట్టాడు. వాగు దగ్గరే కాన్పయింది. బిడ్డ బాగుంది. తల్లి మాత్రం చాలా రక్తం పోయి, ఆసుపత్రిలో చావు దాకా వెళ్ళి వచ్చింది.

సాయంత్రం తిరిగొచ్చాక హుస్సేనప్పకు సంగతి తెలిసింది. ఎవరూ చూడకుండా రోటర్ పెట్టేశాడు. బండి ఒక్క తిప్పుకే అంటుకుంది. "బ్యాటరీ వైరు వదులయింది," అన్నాడు. అందరూ నమ్మారు. తాతకు చూపు మందగించింది కదా, చూసి ఉండడులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

తాత మర్నాడు అతన్ని పిలిచాడు. "రమీజాకు బండి నేర్పించప్పా," అన్నాడు, అంతే.

నేర్పించాడు. గేర్లు, నూనె, వాగులో చక్రం ఎక్కడ పెట్టాలి, అన్నీ. నల్లమూత తప్ప.

రోజూ సాయంత్రం తాత అడిగేవాడు. "అంతా నేర్పించినావా?"

"నేర్పించినా తాతా."

"మంచిది," అని తాత తస్బీ పూసలు తిప్పుకునేవాడు.

శుక్రవారం ఉదయం ఓబులమ్మ తన కోడలినీ బిడ్డనూ తాతకు చూపించడానికి తీసుకొచ్చింది. కోడలు నాలుగడుగులు వేసి, ఆగి, మళ్ళీ నాలుగడుగులు వేస్తోంది. ఓబులమ్మ తాత దగ్గరికి పోయే ముందు బండి దగ్గర ఆగింది. కొంగులోంచి నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చిన దండ తీసి బంపరుకు కట్టింది. హుస్సేనప్ప అక్కడే గ్రీజు పూస్తున్నాడు.

"పాపం, ముసిల్దయిపోయె. దానికీ పానం బాగల్యాకపోతే అదేం జేస్తాది," అని ఓబులమ్మ బండి రేకును ప్రేమగా నిమిరింది.

హుస్సేనప్ప బండి వెనక్కి వెళ్ళి, చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

కాసేపటికి తాత మెల్లగా వచ్చి అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. మెడలో ఎప్పుడూ వేలాడే చిన్న గుడ్డసంచిని బయటికి తీశాడు. అందులో ఏ పీరు సమాధి మట్టో ఉందని శిష్యులంతా అనుకునేవాళ్ళు. దాన్ని కళ్ళకద్దుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తాత ముడి విప్పి, లోపల ఉన్నదాన్ని హుస్సేనప్ప అరచేతిలో పడేశాడు.

అంచులు అరిగిపోయిన పాత రోటర్.

"బరువుందా?" అని అడిగాడు తాత.

"లేదు తాతా."

"నలభై నాలుగేండ్లాయె, మోయబట్టి."

హుస్సేనప్ప తలెత్తాడు.

"మంచుకొండల్లో ఉన్నప్పుడు టీ తాగను పోయినా, ఇది జేబులో ఏసుకొని. కేశవన్ అని నా జతగాడు. వాడికి జరం. బండి అంటుకోలేదని ఆస్పత్రికి నడ్సుకుంటా పోయినాడు. చేరలా."

హుస్సేనప్ప అరచేతిలోని ముక్కను మళ్ళీ చూశాడు.

"మొన్న డోలీ కట్టకముందు ఇదే ఏసి చూసినా," అన్నాడు తాత. "ఈ బండికి పట్టలా."

అప్పుడొచ్చింది హుస్సేనప్పకు ఏడుపు. తాత తన భుజం మీది తువ్వాలుతో అతని ముఖం తుడిచాడు, గ్రీజుతో సహా. పాత రోటర్‌ను మళ్ళీ సంచిలో వేసి, ముడి కట్టి, మెడలో వేసుకున్నాడు.

"ఇట్లాంటి సంచి ఒకటి చాల్లే నాయినా, మన తకియాకు."

హుస్సేనప్ప లేచాడు. రమీజాను పిలిచాడు. బానెట్ ఎత్తి, నల్లమూత తీసి, లోపలి ముక్కను ఆమె చేతిలో పెట్టాడు. మళ్ళీ ఎలా పెట్టాలో చూపించాడు. "ఇది ఎప్పుడూ ఈడనే ఉండాల. ఎవురి జేబులోకీ పోగూడదు," అన్నాడు. రమీజా అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

తర్వాత బంపరుకు కట్టిన నిమ్మకాయల దండ విప్పుకుని, ఓబులమ్మ కూర్చున్న అరుగు దగ్గరికి నడిచాడు. బిడ్డ ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. పక్కనే కోడలు గోడకు ఆనుకుని ఉంది. హుస్సేనప్ప వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దండను ఓబులమ్మ పాదాల దగ్గర పెట్టాడు.

"పెద్దమ్మా, ఆ పొద్దు బండికి పానం బాగానే ఉండె," అన్నాడు.