పడవ వెనుక కట్టిన తాడు

తేనెగట్టు అడవికి నడుమ ఒక కొండ ఉంది. కొండకు పడమర దట్టమైన చెట్లు, తూర్పున చింతవాగు. ఆ అడవిలో కణుజులనే పెద్ద దుప్పులు, ఎలుగులు, కుందేళ్లు, కోతులు, ముళ్లపందులు ఉండేవి. వాగులో నీటికుక్కలు ఉండేవి. ఏనుగులు మాత్రం లేవు. ఎంత బరువైన పని వచ్చినా ఉన్నవాళ్లే చేసుకోవాలి.

వాగు మధ్యలో ఒక లంక ఉంది. ఎండాకాలంలో వాగు సన్నబడగానే కుందేళ్లు లేతగడ్డి కోసం లంకకు వెళ్లేవి. అక్కడే పిల్లల్ని పెట్టేవి. తొలకరి పడితే వాగు ఒక్క పూటలో పొంగేది. పోయిన ఏడు అలా పొంగినప్పుడు చెవులమ్మ అనే కుందేలు తన ఇద్దరు పిల్లల్లో ఒకరిని పోగొట్టుకుంది. ఈ ఏడు ఆమెకు ముగ్గురు పిల్లలు.

ఆ వరదను ఏరమ్మ అనే నీటికుక్క కళ్లారా చూసింది. ఆమె ఈతలో దిట్ట. అయినా ఒక పిల్లను నోట కరుచుకుని ఒడ్డుకు చేర్చేసరికి రెండోది కనబడలేదు. అప్పుడే ఆమె పడవ చేయాలనుకుంది.

కొండకు పడమర గాలికి కూలిన బూరుగు మాను ఒకటి దొరికింది. వడ్రంగి పిట్టలు దాన్ని పొడిచాయి. ఎలుగులు గోళ్లతో తవ్వాయి. ముళ్లపందులు అంచులు కొరికి నునుపు చేశాయి. ఏడాది తిరిగేసరికి పడవ తయారైంది. పొడవు పన్నెండు అడుగులు. ఎక్కడా పగులు లేదు.

ఇక దాన్ని కొండ ఎక్కించి, అవతల వాగులోకి దించాలి. తొలకరికి పది రోజులే ఉంది.

బరువు లాగేవారిని ఎంచుకోవడానికి ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. కొండ కింది నుంచి కొన దాకా పరుగు పందెం పెడతారు. ముందు చేరినవారి మెడలో రేలపూల దండ వేసి పని అప్పగిస్తారు. అంతవరకు వాళ్లు లాగించినవన్నీ వెదురు మోపులు, ఎండుకట్టెలు. వాటిని ఎవరు లాగినా వచ్చేవి. అందుకే ఆ ఆచారం మంచిదా కాదా అని ఎవరికీ అనుమానం రాలేదు.

ఏరమ్మకు వచ్చింది. పందెం వద్దని, రాళ్లు నింపిన తొర్ర మానుకు తాడు కట్టి ఏటవాలున పెట్టి, అది జారకుండా పట్టుకుని నిలబడినవారికే పని ఇద్దామని అడిగింది. పెద్దలు ఒప్పుకోలేదు. నిలబడటం కూడా ఒక పందెమేనా అని కోతులు నవ్వాయి.

పందెం జరిగింది. రాయుడు గెలిచాడు. రాయుడు పెద్ద కొమ్ముల కణుజు. దండ అతని మెడలో పడటం వరసగా అది నాలుగో ఏడు. ఆఖరున ఎల్లయ్య అనే ముసలి దున్నపోతు కొండ కొనకు చేరేసరికి అందరూ దిగిపోతున్నారు.

"ఎంత వెక్కిరించినా దున్నపోతు మీద వాన పడ్డట్టే గదా నీకు" అంటూ రాయుడు అతని పక్కనుంచి వెళ్లిపోయాడు. ఎల్లయ్య నెమరు వేస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఏరమ్మ అతన్ని వెతుక్కుంటూ బురదమడుగు దగ్గరికి వెళ్లింది.

"మామా, పందెంలో ఎందుకు పరుగెత్తలేదు?"

"పరుగెత్తానమ్మా. నా పరుగు అదే."

ఏరమ్మకు నవ్వు వచ్చింది. అడవికి రాకముందు ఎల్లయ్య పన్నెండేళ్లు కొండదారిలో వెదురు బండి లాగాడని ఆమెకు తెలుసు. కొండ దిగడం గురించి అడిగింది.

ఎల్లయ్య కొండ వైపు తల తిప్పాడు. "ఎక్కేటప్పుడు బరువు మన మాట వింటుంది. దిగేటప్పుడు వినదు. ముందున్నవాణ్ణి తొక్కుకుంటూ పోతుంది. అప్పుడు కాళ్లలో వేగం కాదు, ఒంట్లో బరువు కావాలి. నిలబడేవాడు వెనక ఉండాలి."

ఆ మాట అని ఊరుకోలేదు. వెళ్లి పడవకు భుజం ఆనించి జానెడు కదిపి చూశాడు. అడుగున రెండు వెదుళ్లు కట్టమన్నాడు. అడ్డతీగతో తాడు పేనమని, దాన్ని ఒక్కచోట కాక మూడుచోట్ల ముడి వేయమని చెప్పాడు. ఏరమ్మ అన్నీ అలాగే చేసింది. ముందు తాడు రాయుడికి. వెనుక తాడు ఎల్లయ్యకు.

బయలుదేరే రోజున ఆ రెండో తాడు చూసి రాయుడు ఆగాడు. "ఏం ఏరమ్మా, పడవకు తోక కూడా పెట్టావా? ఆ తోకకు ఇంత పెద్ద ఉండ ఎందుకు?" అని ఎల్లయ్య వైపు చూశాడు.

"ఉండనీ అన్నా. నీకేం బరువు కాదుగా" అంది ఏరమ్మ.

నిజానికి బరువు కాలేదు. ఎక్కేటప్పుడు ఎల్లయ్య తన తాడు వదులుగా ఉండేలా అడుగులు వేశాడు. రాయుడు బాగానే లాగాడు. మధ్యలో ఒక్కసారే ఆగాడు. కొన చేరేసరికి అడవి అంతా మెచ్చుకుంది. కోతులు ఉత్సాహం పట్టలేక పడవలోకి దూకాయి. ఏరమ్మ ఒక్కొక్కదాన్నీ దింపింది.

అప్పుడే మబ్బు కమ్మింది. తొలకరి ఆరు రోజులు ముందే వచ్చింది. దూరంగా పైకొండల మీద ఉరిమింది. లంకలో చెవులమ్మ పిల్లలు ఇంకా కళ్లు పూర్తిగా తెరవలేదు.

కొన నుంచి వాగు దాకా రెండు వందల అడుగుల దిగుడు. ఎల్లయ్య రాయుణ్ణి పిలిచి, ఇక ముందు తాడు విప్పేసి పక్కకు రమ్మన్నాడు.

"దండ నా మెడలో ఉంది మామా. నీ మెడలో ఉన్నది తాడే" అన్నాడు రాయుడు. కిందికే కదా అని ఒక్క ఉదుటున లాగాడు.

వాన పడింది. గులకరాళ్లు జారుతున్నాయి. పడవ జారడం మొదలెట్టింది. రాయుడు పరుగెత్తాడు. అతని పరుగుకు పడవ మరింత ఊపు అందుకుంది. ఆగబోతే అది వచ్చి వెనక కాళ్లకు తగిలింది. రాయుడు బోర్లా పడ్డాడు. కుడి కొమ్ము బండకు తగిలి మొదలంటా విరిగింది. పడవ అతని మీదికి వస్తోంది.

ఎల్లయ్య నాలుగు కాళ్లూ నేలలో గుచ్చి, వెనక్కి వాలాడు. తాడు బిగిసింది. పది అడుగులు అతన్నీ ఈడ్చింది. గిట్టలు తడినేలలో నాలుగు చాళ్లు తీశాయి. పడవ ఆగింది. రాయుడి వీపుకు, పడవ మూతికి మధ్య జానెడు దూరం ఉంది.

ఏరమ్మ పరుగెత్తి ముందు తాడు కొరికేసింది. రాయుడు పాక్కుంటూ పక్కకు జరిగాడు. అంతసేపూ ఎల్లయ్య కదలలేదు. వాన అతని వీపు మీద ధారలు కడుతోంది. ముక్కుపుటాలు తప్ప ఒంట్లో ఏదీ కదలడం లేదు.

దున్నపోతు మీద వాన అంటే ఏమిటో ఆ రోజు అడవి మొత్తం చూసింది.

తర్వాత అతను ఒక్కొక్క అడుగే వదిలాడు. ఒక కాలు ముందుకు, ఆగడం. ఇంకో కాలు ముందుకు, ఆగడం. ఏరమ్మ ముందు నడవకుండా పక్కనుంచి దారి చెప్పింది. రాళ్లున్న చోట కుడికి, చెలమ ఉన్న చోట ఎడమకు. పన్నెండేళ్ల పని ఆ నడకలో కనబడింది. పడవ వాగులోకి దిగినప్పుడు నీళ్లు చిందలేదు. ఎక్కడా పగులు లేదు.

అప్పటికి లంకలో సగం మునిగింది. చెవులమ్మ పిల్లల్ని పుట్ట మీద పెట్టి, తాను కింద నీళ్లలో నిలబడి ఉంది. నీటికుక్కలు పడవను తోసుకుంటూ వెళ్లాయి. మూడు విడతల్లో కుందేళ్లన్నీ ఒడ్డు చేరాయి. చెవులమ్మ ఒడ్డున తన పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టుకుంది.

"అన్నయ్యా, ముగ్గురూ ఉన్నారు" అని ఎల్లయ్యతో చెప్పింది. ఎల్లయ్య తల ఊపాడు. అతని మెడ చుట్టూ తాడు ఒరుసుకున్న చోట తోలు లేచిపోయింది.

మర్నాడు పెద్దలు రేలపూల దండ తెచ్చి అతని మెడలో వేశారు. ఆ మెడకు అది మంటగా ఉందో, పూలు తాజాగా ఉన్నాయో గాని, ఎల్లయ్య దాన్ని నెమ్మదిగా లాక్కుని తినేశాడు. ఆ దండ వేయడం అదే ఆఖరు.

పరుగు పందెం కూడా మానేశారు. ఇప్పుడు తేనెగట్టులో బరువు లాగేవారిని ఏటవాలున నిలబెట్టి చూస్తారు. కణుజుల కొమ్ములు ఏటా రాలి మొలిచేవే గనుక, ఏడాదికి రాయుడి కొమ్ము మళ్లీ మొలిచింది. అతను ఎల్లయ్య దగ్గరికి వచ్చి, నిలబడటం నేర్పమని అడిగాడు. ఎల్లయ్య అతనికి పక్కన చోటిచ్చాడు.

నీతి: బరువును కదిలించే వేగం చూసి మురిసిపోకూడదు, దాన్ని ఆపగల సత్తువ ఉన్నవారికే ఆ పని అప్పగించాలి.