వజ్రపుష్టి అమ్మిన చిలుక

ఏడు సముద్రాలకు ఇవతల, మన తాతల తాతలకంటే ముందు, కుంభినీపురమనే రాజ్యాన్ని మణికేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు ఉదయసేనుడు. అతని భార్య సౌగంధి.

ఒక ఏడు రేవులోకి ఎర్ర తెరచాప ఓడ వచ్చింది. అందులోంచి తామ్రకేశుడనే మాంత్రికుడు దిగాడు. అతని భుజం మీద ఒక చిలుక. దాని గొంతు ఎంత తీపి అంటే, అది మాట్లాడుతుంటే తూకం వేసేవాడు త్రాసు వదిలేసేవాడు, ఏడ్చే పిల్ల ఏడుపు ఆపేది.

మొదటి ఏడు చిలుక ముఖలేపనం గురించి చెప్పింది. "రాసుకోండి, నలభై రోజుల్లో చందమామలవుతారు" అంది. ఊరంతా రాసుకుంది. ఎవరూ చందమామ కాలేదు. అడిగితే మాంత్రికుడు నవ్వాడు. "చాలినంత రాసుకోలేదు. ఇంకొక్క డబ్బీ వాడండి" అన్నాడు. వాడారు.

రెండో ఏడు తలనూనె. "రాసుకోండి, జుట్టు మడమలు తాకుతుంది" అంది చిలుక. బట్టతలలు బట్టతలలుగానే ఉన్నాయి. "చాలినంత పట్టించలేదు. ఇంకొక్క బుడ్డి వాడండి" అన్నాడు మాంత్రికుడు. జనం తమలో తాము నవ్వుకున్నారు, మళ్ళీ కొన్నారు.

మూడో ఏడు వజ్రపుష్టి వచ్చింది. అది పసిపిల్లలకు పట్టే పొడి. "నీళ్లలో కలిపి పట్టండి. తల్లిపాలకన్నా మిన్న. మీ బిడ్డ వజ్రమవుతుంది" అంది చిలుక. మణికేతుడు ప్రతి డబ్బీ మీదా రాజముద్ర వేయించాడు.

అప్పటికి సౌగంధికి ఆడపిల్ల పుట్టి రెండు నెలలు. ఉదయసేనుడు డబ్బీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నా పాలు బిడ్డకు సరిపోతున్నాయి కదండీ" అంది సౌగంధి.

"మంత్రిగారి మనవడికి ఇదే పట్టిస్తున్నారు. మన బిడ్డ ఎవరికంటే తక్కువ?"

"ఎందుకో నాకు మనసు ఒప్పడం లేదు."

"లోకమంతా వాడుతుంటే నీకొక్కదానికే తెలుసా?" అన్నాడు ఉదయసేనుడు. ఆమె డబ్బీ మూత తీసింది.

నెల తిరిగేసరికి బిడ్డ బుగ్గలు పీక్కుపోయాయి. ఉదయసేనుడు రేవుకు పరిగెత్తాడు. "కొలత తగ్గి ఉంటుంది. ఇంకొక్క డబ్బీ వాడండి" అన్నాడు మాంత్రికుడు. సౌగంధికి పాలు ఇంకిపోయాయి. ఇంకొక్క డబ్బీ, ఇంకొక్క డబ్బీ. ఒక ఉదయం బిడ్డ ఏడవడం మానేసింది. మధ్యాహ్నానికి ఊపిరి ఆగింది.

ఆ వారమే కుమ్మరి వీధిలో ఇద్దరు, సాలెవీధిలో నలుగురు పసివాళ్ళు పోయారు. ఎర్ర తెరచాప ఓడ రేవు వదిలి ఏడు సముద్రాల అవతలికి వెళ్ళిపోయింది.

మాంత్రికుణ్ణి నిలదీసి వస్తానని పెద్ద రాకుమారుడు ఏడు సముద్రాలు దాటాడు. మూడు పెట్టెల లేపనం కానుకగా తీసుకొని వచ్చాడు. "అక్కడంతా సవ్యంగానే ఉంది" అన్నాడు. రెండోవాడు కత్తితో వెళ్ళాడు. తిరిగి రాలేదు.

మూడోసారి ఉదయసేనుడు బయలుదేరాడు. ఏడో సముద్రం దాటి, ఒడ్డున కూర్చొని రొట్టె విప్పితే ఒక ఎలుక వచ్చింది. సగం రొట్టె దానికి పెట్టాడు.

"రాకుమారా, ఎక్కడికి?" అంది ఎలుక. అతను చెప్పాడు. ఎలుక రొట్టె నమలడం ఆపింది.

"మేం ఆ పొడి కొట్లోనే పుట్టాం. తాళ్లు తింటాం, తోలు చెప్పులు తింటాం. ఆ పొడి మాత్రం మా పిల్లల్ని ముట్టనివ్వం" అంది. "మీ అన్న మాంత్రికుణ్ణి కత్తితో ముప్పైసార్లు పొడిచాడు. గాయమైనా కాలేదు. చివరికి రాయైపోయి వాకిట్లో ఉన్నాడు. ఆ మాంత్రికుడి ప్రాణం వాడిలో లేదు. చిలుకలో ఉంది. అందుకే దానికి రోజూ తన చేత్తో ఆవుపాలతో అన్నం కలిపి పెడతాడు."

ఉదయసేనుడు వర్తకుడి వేషం వేసుకుని కొట్లోకి వెళ్ళాడు. తన సరుకు అమ్మిపెట్టేవాడు దొరికాడని మాంత్రికుడు సంబరంగా అంతా చూపించాడు. ఒక పక్క సుద్దగుట్ట, ఇంకో పక్క పుచ్చిన నూకలు. ఆ సుద్దే పన్నీటితో లేపనం, నూకలతో కలిస్తే వజ్రపుష్టి. ఈలోగా ఎలుక పంజరం తాడు కొరికేసింది. పంజరం కింద పడింది. ఉదయసేనుడు చిలుకను పట్టుకున్నాడు.

మాంత్రికుడు మోకాళ్ళ మీద పడ్డాడు. "నాయనా, నేను ఎవరి నోట్లోనూ పొయ్యలేదు. మీ చేతులతో మీరే పోశారు."

ఉదయసేనుడి వేళ్ళు చిలుక మెడ మీద బిగిశాయి.

"ఇక్కడ చంపితే నీ మాట ఎవరు నమ్ముతారు?" అంది చిలుక. "మీ ఊళ్ళో నా గొంతే నమ్మారు. తీసుకుపో. నిజం చెబుతాను."

అతని వేళ్ళు వదులయ్యాయి. చిలుకతో ఏడు సముద్రాలూ వెనక్కి దాటాడు. సంత నడుమ నిలబడి, "నా బిడ్డకు ఇది పట్టించమన్నది నేనే. వాళ్ళమ్మ వద్దంది" అన్నాడు. తర్వాత చిలుక అదే తీయటి గొంతుతో అంతా చెప్పింది.

కుమ్మరి ముత్తెమ్మ ముందుకొచ్చింది. "అయితే నా పిల్లోడికి ఐదు నెలలు నేను పెట్టింది సుద్దా?"

"సుద్దే, తల్లీ."

మొదటి రాయి ఆమే విసిరింది. తర్వాత ఎవరు ఎన్ని విసిరారో లెక్కలేదు. చిలుక ఈకలు మాత్రమే మిగిలాయి. అదే ఘడియలో ఏడు సముద్రాల అవతల తామ్రకేశుడు సుద్దగుట్ట మీద కూలిపోయాడు. రాయైన రెండో రాకుమారుడు మళ్ళీ మనిషై, ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు.

ఉదయసేనుడు ఇల్లిల్లూ తిరిగి మిగిలిన డబ్బీలు అడిగి తీసుకున్నాడు. కొందరు దాచుకున్నారు. ముత్తెమ్మ సగం ఖాళీ అయిన డబ్బీని గుండెలకు హత్తుకుని ఇవ్వనంది. "వాడు చివరగా తిన్నది ఇదే దొరా" అంది. అతను చాలాసేపు ఆమె గడప మీద కూర్చుని, వట్టి చేతులతో లేచి వెళ్ళాడు.

రాజముద్ర వేయించిన చేత్తో ఇక రాజదండం పట్టలేనని మణికేతుడు అడవులకు వెళ్ళిపోయాడు. అన్నలిద్దరూ తమకు రాజ్యం వద్దనడంతో ఉదయసేనుడు రాజయ్యాడు. మూడేళ్ళకు సౌగంధి మళ్ళీ ఆడపిల్లను కంది. ఎవరేం తెచ్చినా, ఎవరేం చెప్పినా తలుపు వేయించింది. ఎవరినీ అడగకుండా బిడ్డను ఒళ్ళోకి తీసుకుని పాలు పట్టింది. రాజు తలుపు బయటే నిలబడి, బిడ్డ గుటకలు వినిపించేదాకా కదల్లేదు.

ఆ పిల్ల బతికింది. ఆ రాజూ రాణీ నలభై ఏళ్ళు కుంభినీపురాన్ని ఏలారు.