మడి కట్టిన పిల్లి

ఇటు తిరిగి పడుకో బుజ్జీ. ఊఁ కొడుతూ ఉండాలి. నీ ఊఁ ఆగితే నా కథా ఆగిపోతుంది, ముందే చెబుతున్నాను.

అనగనగనగా, కాలవ పక్కనున్న ఓ ఊళ్ళో చెల్లాయమ్మ అని ఓ వంటావిడ ఉండేది. పెళ్ళిళ్ళకీ, వ్రతాలకీ వండి పెట్టేది. దేవుడికి నైవేద్యం పెట్టకముందు వంట రుచి చూడకూడదు కదా, అందుకని ఆవిడ అన్నీ వాసనతోనే తేల్చేసేది. పులుసు గిన్నె మూత తీసి, ఆవిరి ఒక్కసారి పీల్చి, "ఇంకో గుప్పెడు ఉప్పు" అనేది. సరిగ్గా సరిపోయేది. ఆ ముక్కంటే ఆవిడకి ఎంత గర్వమో చెప్పలేను.

చెల్లాయమ్మకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరు, ఒక పిల్లి తప్ప. గుండ్రంగా, ఎర్రగా, అప్పుడే నూనెలోంచి తీసినట్టు ఉండేదని దానికి బూరె అని పేరు పెట్టుకుంది. దాన్ని గడప దాటనిచ్చేది కాదు. బయట ఎలకలుంటాయి, చేపల బుట్టలుంటాయి, ఆచారం మంట కలిసిపోతుందని భయం. పొద్దున్న పెరుగన్నం, మధ్యాహ్నం నెయ్యీ పప్పన్నం, రాత్రి పాలూ అన్నం. ఏకాదశినాడైతే పాలొక్కటే. "మా బూరె కూడా నాలాగే మడి" అని ఊరంతా చెప్పుకునేది. బూరెని మాత్రం ఎవరూ అడగలేదు.

అలా కొన్నాళ్ళు గడిచాక బూరె చిక్కిపోవడం మొదలెట్టింది. బూరె కాస్తా అప్పడమైపోయింది. ఆ తర్వాత కిటికీ మీదకి ఎగరడం మానేసింది. ఆ తర్వాత ఒకరోజు తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి మూసిన తలుపుకి గుద్దుకుంది. చెల్లాయమ్మ గబగబా లేచింది. కూరల బుట్టలో పాత చీర పరిచి, దాన్ని పడుకోబెట్టుకుని, పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది.

అక్కడ డాక్టర్ రెహానా గారు బూరె కళ్ళలోకి లైటు వేసి చూసింది. "ఏం పెడుతున్నారు మామ్మగారూ?" అని అడిగింది.

"పెరుగన్నం, పప్పన్నం, పండగలకి బొబ్బట్టు ముక్క."

"అయ్యో! మాంసంలో ఉండే సత్తువ అందకపోతే పిల్లికి చూపు నిలవదండీ, గుండె కూడా నీరసపడుతుంది. ఇలాగే పెడితే కళ్ళు పూర్తిగా పోతాయి."

"మా వంటింట్లోకి చేప వస్తే నేను బయటికి పోవాలి!"

"వండక్కర్లేదు, పిల్లుల కోసం చేసిన ప్యాకెట్లు అమ్ముతారు. కొనేటప్పుడు వెనకాల చూడండి, మొట్టమొదట చేపో కోడో..."

కోడి అన్న మాట వినపడగానే చెల్లాయమ్మ రెండు చేతులతో చెవులు మూసేసుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మ పెదాలు చాలాసేపు కదిలాయి. ఈవిడ తలూపుతూనే ఉంది. ఒక్క ముక్క వింటేనా!

అప్పుడు తిన్నగా వీర్రాజు కొట్టుకి వెళ్ళింది. వీర్రాజు కొట్లో రంగుచేపలు, కుక్క గొలుసులు, జంతువుల తిండీ అమ్ముతాడు. చెల్లాయమ్మకి బిస్కెట్లు కొన్నా, అప్పడాలు కొన్నా ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క కోసం వెతకడం అలవాటు. ఇక్కడా అదే పని. ఉన్న ప్యాకెట్లన్నీ తిరగేసింది. ఆఖరికి అడుగున ఒకటి దొరికింది, శాకాహారం చుక్కతో.

"మామ్మగారూ, అది..." అన్నాడు వీర్రాజు.

"నువ్వు మాట్లాడకు, చుక్క కనిపిస్తూనే ఉంది" అని పట్టుకొచ్చేసింది.

అది కుక్కల తిండి. సోయా, మొక్కజొన్న, క్యారెట్టు వేసి చేసింది. బూరె వచ్చి వాసన చూసింది. చూసి, పళ్ళెం పక్కన నేలని ముందరి కాలితో బరబరా గీకింది. మనం చెత్త మీద మట్టి కప్పుతామే, అలాగన్నమాట. చెల్లాయమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆవిడ వడ్డించినదాన్ని పూడ్చిపెట్టాలని చూసినవాళ్ళు ఎవరూ లేరు మరి!

"నీకు చుక్క పనికిరాదు, నా ముక్కే గతి" అని మళ్ళీ కొట్టుకి వెళ్ళింది. వీర్రాజు విడిగా అమ్మడానికి విప్పిన సంచులన్నిటి మీదా వంగి వాసన చూసింది. చేప వాసన వచ్చినచోట "ఛీ ఛీ" అంది. కోడి వాసన వచ్చినచోట "రామ రామ" అంది. ఒకచోట మాత్రం వెన్నబిస్కెట్ల వాసన గుప్పుమంది. లోపల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ నక్షత్రాలు. "ఆహా, ఇది కదా తిండి!" అని పొట్లం కట్టించుకుంది. అందులో పిండీ, రంగూ, సువాసనే ఎక్కువ. కానీ ముక్కుకి అవన్నీ ఏం తెలుస్తాయి?

బూరె నక్షత్రాలు తినలేదు. ఒకదాన్ని కాలితో తన్నింది. అది దొర్లింది. దాని వెనకాల బూరె ఉరికింది. చెల్లాయమ్మకి నవ్వొచ్చింది. ఎరుపుది తన్నింది, పసుపుది తన్నింది, ఆ తర్వాత ఆకుపచ్చది తన్నింది. అది రెండు జానల దూరంలో ఆగింది. బూరె దానికోసం వెతికింది. ఎదురుగానే ఉంది. అటు తడిమింది, ఇటు తడిమింది, కాలు నక్షత్రం పక్కనుంచే పోతోంది కానీ అది కనిపించడంలేదు. వెతికి వెతికి అక్కడే కూలబడి మ్యావ్ అంది.

చెల్లాయమ్మ నవ్వు ఆగిపోయింది. దాని ముందు నేల మీద చతికిలబడి ఏడ్చింది. "నా మడి నాకు పుణ్యం తెస్తుందో లేదో గానీ, నీ కళ్ళు తీసేస్తోందే తల్లీ" అని ఏడ్చింది. నిద్రపోయావా బుజ్జీ? లేదా? మంచిది, బెంగపడకు, ఇంకా ఉంది.

ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళింది. ఈసారి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మొదట్నుంచీ చెప్పమ్మా. చెవులు మూసుకోను" అంది.

డాక్టరమ్మ నవ్వకుండా చెప్పింది. "కుక్కలది వద్దు, పిల్లులకనే రాసి ఉండాలి. వేసినవాటిలో మొదటి పేరు చేపో కోడో అవ్వాలి. చిరుతిండి కాదు, రోజూ పెట్టే సంపూర్ణాహారం అని ఉండాలి, దాని వయసుకి తగినది చూడండి. ఒక్కసారిగా మార్చకండి, పాత తిండిలో కొంచెం కొంచెం కలుపుతూ పెంచండి. పక్కన మంచినీళ్ళు పెట్టండి. పోయిన చూపు వస్తుందని చెప్పలేను మామ్మగారూ, ఉన్నది నిలబెట్టుకుందాం."

చెల్లాయమ్మ ముక్కుకి తుండుగుడ్డ చుట్టుకుని కొట్టుకి వెళ్ళింది. "ఒరే వీర్రాజూ, వెనకాల ఏం రాశారో చదువు" అంది.

"మొక్కజొన్న పిండి..."

"అవతల పెట్టు."

"గోధుమ నూక..."

"ఉప్మాకా? అవతల పెట్టు."

"చేప..." అని వీర్రాజు బిక్కుబిక్కుమంటూ ఆగాడు.

చెల్లాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఆగుతావేం? పిల్లులదేనా? సంపూర్ణమేనా? పెద్ద పిల్లిదేనా?" అన్నిటికీ అవునన్నాడు. "అయితే కట్టు. పైన ఇంకో కాగితం చుట్టు, దాని పైన ఇంకోటి చుట్టు" అంది.

పెరట్లో బావి పక్కన ఓ రాయి ఉంది. ఆ రాయి మీద పెరుగన్నం పళ్ళెం పెట్టి, అందులో కొంచెం ఆ చేప తిండిని పెళ్ళిళ్ళలో సాంబారు కలిపే పొడుగుపాటి గరిటతో దూరంనుంచి వడ్డించింది. ఊపిరి బిగబట్టి, మొహం అటు తిప్పుకుని వడ్డించింది. సగం పళ్ళెంలో పడింది, సగం ఆవిడ కాళ్ళ మీద పడింది. బూరె వాసన పట్టుకుని దారి తప్పకుండా వచ్చింది. పళ్ళెంలోది తింది. కాళ్ళ మీదదీ తింది. చెల్లాయమ్మ "నారాయణ, నారాయణ" అంటూ బావి దగ్గర తలారా పోసుకుంది. మూడుపూటలా అదే వరస. వీధిలో వాళ్ళు ఎవరో పోయారనుకున్నారు పాపం.

నెలలు గడిచాయి. బూరె ఒళ్ళు నిండింది, బొచ్చు నిగనిగలాడింది, చూపు ఇంక తగ్గలేదు. ఒకరోజు చెల్లాయమ్మ స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, గుమ్మంలో కూర్చుని పువ్వులు గుచ్చుకుంటోంది. అప్పుడే చేప తిని, ఇంకా మూతైనా తుడుచుకోని బూరె ఎదురుగా వచ్చి నిలబడింది. తల పైకెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. వెనక్కి వంగి, ఒక్క ఎగురు ఎగిరి తిన్నగా ఒళ్ళో దిగింది. ఆవిడ బుగ్గని గరుకు నాలుకతో నాకింది.

మైల పడిపోయింది. లేచి మళ్ళీ స్నానం చెయ్యాలి. చెల్లాయమ్మ లేవలేదు. చేప వాసన కొడుతున్న ఆ మూతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, "కనిపిస్తున్నానా తల్లీ, నేను నీకు కనిపిస్తున్నానా" అని అడుగుతూ పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంది.

కథేమో కంచి బండి ఎక్కేసింది,
బూరేమో ఒళ్ళో గుర్రు పెట్టేసింది,
ఊఁ కొట్టే నోరేమో ఆవులించింది,
నిద్రమ్మ మన ఇంటికి వచ్చేసింది.