తీతువుకు అంటగట్టిన జబ్బు

వాగు ఒడ్డున గులకరాళ్ళ మధ్య పైడమ్మ అనే తీతువుపిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. నేల మీద గూడు కదా, అల్లంత దూరాన ఎవరు గూటివైపు కదిలినా గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపుకి అడవిలో అందరూ విసుక్కునేవాళ్ళు. విసుక్కుంటూనే జాగ్రత్తపడేవాళ్ళు.

ఆ ఏడు శంభులింగం అనే గుంటనక్క పట్నం నుంచి తిరిగొచ్చింది. పిచ్చాసుపత్రి వెనక చెత్తకుప్పల్లో మూడేళ్ళు బతికిందేమో, కిటికీలోంచి విన్న మాటలన్నీ దానికి నోటికొచ్చేశాయి. రాగానే మద్దిచెట్టు కింద వైద్యం మొదలెట్టింది.

"ఒంటి జబ్బులు నేను చూడను. స్వభావానికి వచ్చే జబ్బులే చూస్తాను," అంది.

నెమలిది తనను తాను మెచ్చుకునే రోగమంది, పురి విప్పొద్దంది. ముళ్ళపందిది ఎవరినీ దగ్గరికి రానివ్వని రోగమంది, ముళ్ళు లేపొద్దంది. తాబేలుది ముడుచుకుపోయే రోగమంది, తల బయటే పెట్టుకు తిరగమంది. విచిత్రమేమిటంటే, అందరూ సంబరపడ్డారు. ఇన్నాళ్ళూ ఉత్త బుద్ధి అనుకున్నదానికి ఇంత పెద్ద పేరుందా అని!

పైడమ్మ వంతు వచ్చింది.

"చప్పుడైతే ఉలిక్కిపడతావా?"

"పడతానండీ."

"నీ సొత్తు ఎవరో కాజేస్తారనిపిస్తుందా?"

"గుడ్లు కదండీ, మరి..."

"అవునా కాదా? అంతే చెప్పాలి."

"అవునండీ."

"నన్ను చూసినా అనుమానమేనా?"

పైడమ్మ సిగ్గుతో తల దించుకుంది. "మీరంటే కాస్త ఎక్కువేనండీ."

"అనుమాన రోగం. బాగా ముదిరింది. వారం పాటు నోరు మెదపకు."

పైడమ్మ నోరు కట్టేసుకుంది. రెండో రోజు మేతకెళ్ళి వచ్చేసరికి గూట్లో మూడే గుడ్లున్నాయి. ఏడుస్తూ నక్క దగ్గరికి పరిగెత్తింది.

"ఒకటి పోయింది డాక్టరుగారూ!"

"పోయిందని నీకనిపిస్తోంది," అంది నక్క మూతి తుడుచుకుంటూ. "అదే రోగ లక్షణం. అసలు మూడే పెట్టావేమో."

నిజంగా మూడే పెట్టానా? తిరిగొస్తుంటే పైడమ్మకి తన మీద తనకే నమ్మకం సడలింది. గుడ్డు పోయినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది. బురదలో పడుకున్న గున్నమ్మ అనే గేదె దాని వాలకం చూసి పిలిచి, సంగతంతా విన్నది.

"నన్ను చూసి అరుస్తావుటే?"

"నువ్వు గూటి మీదికి నడిచొస్తేనే అక్కా."

"పిల్లలు ఎగిరిపోయాక?"

"అప్పుడెందుకు అరుస్తాను?"

"మరి రోగమెక్కడుందే? రోగమైతే వేళాపాళా ఉండదు, కారణం ఉండదు. నీ బతుకునే తినేస్తుంది. ఇక్కడ తినేస్తున్నది నీ గుడ్లని, అదీ ఎవరో," అంది గేదె తాపీగా నెమరేస్తూ.

నక్క మూతి తుడుచుకోవడం గుర్తొచ్చి, ఆ సాయంత్రం పైడమ్మ ముళ్ళపంది బొరియకెళ్ళి జరిగినదంతా చెప్పింది. ఇద్దరూ ఓ మాట అనుకున్నారు.

మర్నాడు నక్క గూటివైపు వచ్చింది. అరుపు లేదు. పైడమ్మ రెక్క ఈడ్చుకుంటూ ఎదురొచ్చింది.

"ఏమైందమ్మా?"

"రెక్క విరిగిందండీ. అయినా భయం లేదు. మీరింత దగ్గరికొచ్చినా అనుమానమే రావట్లేదు."

"పూర్తిగా నయమైపోయింది!" నక్క నోట్లో నీళ్ళూరాయి. గుడ్లెక్కడికి పోతాయి, ముందు పిట్టని చూద్దామనుకుంది.

పైడమ్మ కుంటుతూ జరిగింది. నక్క వెంటపడింది. బొరియ ముందుకి రాగానే నక్క ఎగిరి దూకింది. పైడమ్మ రివ్వున పైకి లేచింది. నక్క తల సూటిగా బొరియలో దూరింది. లోపల ముళ్ళపంది వీపు ఇటు తిప్పి, ముళ్ళన్నీ నిక్కబొడిచి కూర్చుని ఉంది.

"చచ్చాన్రా! ముళ్ళు లేపొద్దన్నానుగా!"

"మీ వైద్యం నాకు పడలేదండీ," అంది ముళ్ళపంది.

మూతి నిండా ముళ్ళతో శంభులింగం కుయ్యోమంటూ కొండ దాటి పారిపోయింది. "మరి నా రోగం సంగతో?" అని నెమలి వెనకాల కేకేసింది గానీ అది ఆగలేదు. పైడమ్మ గూటికొచ్చి మిగిలిన గుడ్ల మీద కూర్చుంది. నాలుగోది ఉండాల్సిన చోట చల్లటి రాయి తగిలింది.

నీతి: ఒకరి గుణానికి రోగమని పేరు పెట్టేముందు, ఆ గుణం ఎవరిని కాపాడుతోందో, పేరు పెట్టేవాడికి దానివల్ల ఏం అడ్డమో అడిగి తెలుసుకోవాలి.