వైద్యసభలో తెల్లగుడ్డ

ఆ ఏడు వైద్యసభలో ఆస్థాన వైద్యుడు త్రిలోచనశాస్త్రి మంత్రపు అద్దాలు పంచాడు. అద్దంలో చూసుకుంటే చాలు, ఆ ముఖం ఊరూరా కనిపిస్తుంది. తమ వెనక వేదిక కూడా కనబడాలని వందమంది వైద్యులూ దానికి వీపు పెట్టి కూర్చున్నారు. అద్దాల్లో, వేదిక మీద సన్మానం అందుకోవలసిన ముసలి వైద్యుడు ప్రసంగిస్తున్నాడు. సభలో మాత్రం ఆయన గొంతు ఎప్పుడో ఆగిపోయింది.

"ఇక సన్మానం! శాలువా తే!" అన్నాడు శాస్త్రి.

ఊడ్చే పోలమ్మ తెల్లగుడ్డ తెచ్చింది.

"ఒళ్లు కొవ్వెక్కిందా? కొరడా దెబ్బలు తింటావు!"

"ఇంతమంది వైద్యులున్నారు కదా బాబయ్యా, ఒక్కరు వెనక్కి తిరిగి ఆయన నాడి చూడండి. ఆడుతుంటే శాలువా తెస్తాను."

శాస్త్రి వేదికెక్కి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. మంచుగడ్డలా ఉంది.

అద్దంలో ముసలాయన శాలువా కోసం మెడ వంచాడు.