పైడమ్మ ఆకు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మా ముత్తవ్వకు వాళ్ల ముత్తవ్వ చెప్పిన మాట. అప్పటికి రైలూ లేదు, రోడ్డూ లేదు. ఏటి ఒడ్డున ఏటివలస అని ఒక ఊరుండేది. పల్లె అంటే దానికి కోపం, పట్నం అంటే మనకు నవ్వు. అంత ఊరు.

ఏటివలసకు మూడు పగళ్ల నడక దూరంలో, యాత్రికుల బాట మీద ఒక సత్రం ఉండేది. ఆ సత్రంలో పైడమ్మ అనే మనిషి విస్తళ్లు కుట్టేది. ఊహ తెలియని వయసులో పెళ్లయింది. ఊహ తెలిసేసరికి మొగుడు లేడు. పిల్లాజెల్లా లేరు. అడవి నుంచి అడ్డాకులు తెచ్చేది, ఈనెపుల్లలతో కుట్టేది, పంక్తి వేసేది, వడ్డించేది, ఎంగిలాకులు ఎత్తేది. వచ్చినవాళ్లు కూర్చునేవారు, తినేవారు, చెయ్యి కడుక్కుని పోయేవారు. పైడమ్మ మాత్రం అందరివీ అయ్యాక వంటింటి మూల నిలబడి, కుండలో మిగిలినదేదో తిని పడుకునేది.

ఎంతమందికి ఆకు వేసిందో ఆవిడకే తెలీదు. ఆవిడకు మాత్రం ఎవరూ ఆకు వేయలేదు. వేయకూడదని ఎవరూ అనలేదు. పనిమనిషి పంక్తిలో కూర్చోదు, అంతే.

ఏటివలసవాళ్లు అప్పుడప్పుడు ఆ సత్రంలో దిగేవారు. వాళ్లకు గొప్పలు కాస్త ఎక్కువ. చూస్తే మా ఊరి కార్తీకం చూడాలి అనేవారు. ఏటి అవతల ఉసిరితోపు అట. ఊరంతా అక్కడికి వనభోజనానికి పోతుందట. ఊరందరికీ ఒకటే పంక్తి అట. పైడమ్మ పప్పు వడ్డిస్తూ చెవులప్పగించి వినేది. పక్కవాడి ఆకులో పప్పు ఎక్కువైపోయేది.

ఒక్క పంక్తి చాలు అనుకునేది పైడమ్మ. ఒక్క ఆకు చాలు. ఒకరు వంగి వడ్డిస్తే కూర్చుని తినడం, ఒక్కసారి చాలు.

ఏళ్లు గడిచాయి. పైడమ్మ చేతులు వణకడం మొదలుపెట్టాయి. సత్రం ధర్మకర్త మంచివాడు. చేసింది చాలు, ఇక ఎక్కడైనా కుదురుగా కూర్చోమని చెప్పి, చేతిలో ఇంత పెట్టి పంపాడు. ఎక్కడికి పోతావని అందరూ అడిగారు. ఏటివలసకు అంది. అక్కడ నీకు ఎవరున్నారని అడిగారు. వనభోజనం ఉంది అంది.

అలా పైడమ్మ ఏటివలస వచ్చింది. ఒక వీధిలో రెండిళ్ల నడుమ ఒంటి గది ఇల్లు, ముందు చిన్న అరుగు. ఎవరి చుట్టమూ కాని మనిషి ఈ ఊరెందుకొచ్చిందో ఊరికి అర్థం కాలేదు. సత్రం ఆవిడ అన్నారు. అత్తా అని గానీ, అక్క వరసన అప్పా అని గానీ, వరస పెట్టి పిలిచినవారు లేరు.

దసరా వచ్చింది. డప్పులు మోగాయి, పులివేషాలు వీధిలో గెంతాయి. పైడమ్మ అరుగు మీద కూర్చుని చూసింది. దసరాకు పిలుపు అక్కర్లేదు. దీపావళి వచ్చింది. అందరితోపాటు తనూ గడప మీద ప్రమిద పెట్టింది. దీపావళికి పిలుపు అక్కర్లేదు. కార్తీకం వచ్చింది. అక్కడ వచ్చింది చిక్కు.

ఏటివలసలో వనభోజనానికి బొట్టు పెట్టి పిలవాలి. వరహాలమ్మ అని ఊరికి పెద్ద ముత్తయిదువ ఉండేది. ముందురోజు కుంకుమ భరిణె పట్టుకుని, నలుగురిని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఇంటి ఇల్లాలికి బొట్టు పెడితే ఇంటిల్లిపాదినీ పిలిచినట్టు. ఇంట్లో మొగుడు పోయిన ఆడది ఉంటే, కోడలి బొట్టుతోనో, వదిన బొట్టుతోనో కలిసిపోయేది. మరి ఒంటరిగా ఉన్న పైడమ్మకు? బొట్టు పెట్టకూడదాయె. పెట్టకుండా ఉత్త నోటితో పిలిస్తే, ఆ ఊళ్లో అది పిలుపు కాదు, వెక్కిరింపు. ఒక మంచిమాటకు అన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు మన పెద్దలు.

ఆ మొదటి ఏడు వరహాలమ్మ వీధిలోకి వచ్చింది. పైడమ్మకు కుడిపక్క ఇంట్లో బొట్టు పెట్టింది. పైడమ్మ గడప ముందు ఆగింది. భరిణె మూత తీయబోయి, మూసేసింది. పక్కింటివాళ్లు వెంటపెట్టుకొస్తారులే అనుకుంది. ఎడమపక్క ఇంట్లో బొట్టు పెట్టి పోయింది.

కుడిపక్కవాళ్లు ఎడమపక్కవాళ్లు పిలుస్తారనుకున్నారు. ఎడమపక్కవాళ్లు కుడిపక్కవాళ్లు పిలుస్తారనుకున్నారు. ఎవరిలోనూ చెడ్డ లేదు. పిలిచినవారూ లేరు.

పైడమ్మ మాత్రం అప్పటికే పని ముగించింది. ఊరిని తన కళ్లతో కొలిచి, ఇంటింటి తలలూ వేళ్ల మీద లెక్కేసుకుని, చివర తనను కూడా కలుపుకుని విస్తళ్లు కుట్టింది. తెల్లారి వంటసామాన్ల బండి పోతుంటే కట్ట తెచ్చి బండిలో పెట్టింది. తలంటుకుంది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. వనభోజనానికి ఎవరి చెంబు వాళ్లు తెచ్చుకోవాలని విని, ఉన్న ఒక్క చెంబునీ చింతపండుతో తోమింది. అరుగు మీద కూర్చుంది. వీధి వీధంతా కదిలిపోయింది. పిలవని పేరంటానికి పోకూడదు. సత్రంలో పిలవకుండా వచ్చినవాళ్లను వంటవాడు చూసే చూపు ఆవిడకు తెలుసు. పొద్దు వాలేదాకా కూర్చుని, చెంబు లోపల పెట్టుకుంది.

అక్కడ తోపులో విస్తళ్లన్నీ పరిచాక పంక్తి చివర ఒకటి మిగిలింది. ఇది ఎవరిదని ఒకడు అడిగాడు. దారిన పోయే దానయ్యదని ఇంకొకడు అన్నాడు. అందరూ నవ్వి, తినడంలో పడ్డారు.

రెండో ఏడు దసరా వచ్చింది, దీపావళి వచ్చింది, కార్తీకం వచ్చింది. ఈసారి బండి తనంతట తనే పైడమ్మ ఇంటి ముందు ఆగింది. ఆకులు పైడమ్మవే అని ఊరికి అలవాటైపోయింది. ఆకులిచ్చిన మనిషి రాకుండా ఉంటుందా అనుకున్నారు. వరహాలమ్మ కుడిపక్క బొట్టు పెట్టింది. గడప ముందు ఆగింది. ఎడమపక్క బొట్టు పెట్టి పోయింది. పైడమ్మ తలంటుకుంది, తెల్లచీర కట్టుకుంది, చెంబు తోమింది, అరుగు మీద కూర్చుంది. పంక్తి చివర ఆకు ఒకటి మిగిలింది. దారిన పోయే దానయ్యదన్నారు, నవ్వారు.

మూడో ఏడు పైడమ్మకు పులివేషాలు మసకమసకగా కనబడ్డాయి. ప్రమిదలో వత్తి వేయడానికి పక్కింటి పిల్ల సాయం పట్టింది. కార్తీకం వచ్చేసరికి ఈనెపుల్ల గుచ్చుకుని వేళ్లన్నీ నెత్తురయ్యాయి. అయినా కుట్టింది. వచ్చే ఏడు తను ఉండదని ఆవిడకు తెలుసు. అందుకని ఆ ఏడు ఆవిడే నోరు తెరిచింది.

వరహాలమ్మ గడప ముందు ఆగగానే పైడమ్మ అరుగు మీద నుంచి అడిగింది.

"వనం ఈయేడు కూడా ఏటి అవతలేనా, తల్లీ?"

"అవును, అక్కడే," అంది వరహాలమ్మ.

"ఉసిరి బాగా కాసిందా?"

"కాసింది, విరగకాసింది."

మూడో మాట పైడమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. నేనూ రానా అనే మాట అది. బతుకంతా ఒకరికి వడ్డించిన మనిషికి అడగడం ఎక్కడ వస్తుంది? ఆ మాట మింగేసింది. వరహాలమ్మకూ ఏదో అనాలనే అనిపించింది. వెనక నుంచి ఎవరో, ఇంకా మూడు వీధులున్నాయి, పదమని తొందరపెట్టారు. పోయింది.

మర్నాడు తోపులో పంక్తి వేశారు. చివర ఆకు మిగిలింది. దారిన పోయే దానయ్యదని ఎవరో అన్నారు. వరహాలమ్మ కూడా నవ్వబోయింది. నవ్వబోయి ఆ ఆకు వంక చూసింది. ఏటా ఒకటే మిగులుతోంది. తప్పకుండా ఒకటే. కుట్టిన మనిషికి లెక్క తప్పడం కాదది.

సత్రం ఆవిడ ఏదని వరహాలమ్మ అడిగింది. ఎడమింటివాళ్లతో వచ్చిందనుకున్నాం అన్నారు కుడిపక్కవాళ్లు. కుడింటివాళ్లతో వచ్చిందనుకున్నాం అన్నారు ఎడమపక్కవాళ్లు. నిరుడో అని అడిగింది. నిరుడూ అంతే. ముందటేడో? ముందటేడూ అంతే.

ఊరంతా ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అందరి ముందూ పైడమ్మ కుట్టిన ఆకే ఉంది.

వరహాలమ్మ ఆ చివరి ఆకు తీసుకుంది. అన్నం, పప్పు, ఉసిరికాయ పచ్చడి మూటకట్టుకుని ఏరు దాటింది. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా నడవడం ఎవరూ చూడలేదు.

పైడమ్మ అరుగు మీదే ఉంది. తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, స్తంభానికి ఆనుకుని వీధివైపు చూస్తూ ఉంది. పక్కన చెంబు తళతళలాడుతోంది. ఒళ్లు మాత్రం చల్లబడిపోయింది.

వరహాలమ్మ ఆవిడ ముందు ఆకు పరిచింది. నీళ్లు చల్లి తుడిచింది. వంగి అన్నం పెట్టింది, పప్పు పోసింది, పచ్చడి వేసింది. ఊరి పెద్ద ముత్తయిదువ నడివీధిలో గొంతు విడిచి ఏడ్చింది.

"అప్పా, నీకు ఆకు వేశాను. తినవే, అప్పా."

మూడేళ్లకు వరస పెట్టి పిలిచిన మొదటి పిలుపు అది. వినే చెవి లేకపోయింది.

ఊరంతా వెనకాలే వచ్చింది. ఆవిడకు ఎవరూ లేరని ఎవరూ అనలేదు. అందరూ తలో చెయ్యి వేసి మోశారు. సాగనంపడానికి పిలుపు అక్కర్లేకపోయింది చూశారా. బతికున్నప్పుడే కావలసి వచ్చింది.

మరుసటి కార్తీకానికి వరహాలమ్మ కుంకుమ భరిణె ఇంట్లోనే వదిలి, ఒళ్లో ఉసిరికాయలు నింపుకుని బయల్దేరింది. ఇల్లాలికీ ఒక కాయే, మొగుడు పోయిన మనిషికీ ఒక కాయే, పెళ్లికాని ఒంటరివాడికీ ఒక కాయే. చేతిలో కాయ పెట్టి, వరస పెట్టి పిలిచింది. వరస తెలియకపోతే కలుపుకుంది.

ఇప్పటికీ ఏటివలసలో వనభోజనానికి బొట్టు పెట్టి పిలవరు. ఉసిరికాయ చేతిలో పెడతారు. దాన్ని పైడమ్మ పిలుపు అంటారు. పంక్తి చివర ఒక ఆకు వేస్తారు. అన్నిటికంటే ముందు దానికే వడ్డిస్తారు, వడ్డించాకే తక్కినవాళ్ల చెయ్యి కదులుతుంది. ఎవరైనా, వాళ్లు పిలిచే ఉంటారులే అని నోరు జారారో, పక్కనున్నవాళ్లు ఊరుకోరు. పైడమ్మ గడపను దాటేసి వచ్చావా అని అడుగుతారు. అన్నవాళ్లు సిగ్గుపడి, లేచి వెళ్లి పిలుచుకొస్తారు.

కథ కంచికి పోతే పోనీ. మనం ఇంటికి పోయేటప్పుడు, దారిలో ఏ తలుపు దగ్గరైనా ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఉంటే, ఆగి పలకరించి పోదాం.